లిస్ట్ మూసేశాక వచ్చిన ఆల్బమ్

నమస్తే అండీ. ముందు ఈ నోట్‌బుక్ చూడండి. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, ఫోకస్ అవుతుందో లేదో. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్. అట్ట మీద గుండ్రంగా కనిపిస్తున్నది డిజైన్ కాదు, టీ గ్లాసు మరక. లోపల ఇదిగో, ఈ పేజీ. పైన తేదీ 7-12-2014. కింద బ్లూ పెన్నుతో పది పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో అంకె. 20, 15, 12, 10, 10, 8, 8, 7, 5, 5. కూడి చూసుకోండి, సరిగ్గా వంద. ఇక దాని మీద ఎర్ర పెన్ను. అంకెలు కొట్టేసి పక్కన వేరే అంకెలు. అట్టడుగున ఉన్న పేరు మీద అయితే అడ్డంగా గీతే. పేజీ పైన, చోటు లేని చోట ఇరికించి రాసిన కొత్త పేరు ఒకటి. దాని పక్కన 30.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రూమ్‌లో ఉండేవాణ్ణి. నా రూమ్మేట్‌ది గుంటూరు. ఇళయరాజా తప్ప ఇంకొకరి పేరెత్తితే వాడికి అన్నం సయించేది కాదు. నేను ఈ అంకెలు వేసుకుంటుంటే వెనక నుంచి తొంగి చూసి, "ఏరా, కిరాణా లెక్కా?" అన్నాడు. కాదురా, ఈ ఏడాది బెస్ట్ ఆల్బమ్స్ అన్నాను. "నిన్నెవడు అడిగాడు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఎవడూ అడగలేదు.

అయినా డిసెంబర్ వస్తే అమెరికాలో, బ్రిటన్‌లో మ్యూజిక్ పిచ్చోళ్ళందరూ చేసే పని ఇదే. పత్రికలు, వెబ్‌సైట్లు 'ఈ ఏడాది 50 బెస్ట్ ఆల్బమ్స్' అని లిస్టులు పెడతాయి. ఫ్యాన్స్ వాటి మీద పడతారు. "మా వాళ్ళకి పదిహేడో ప్లేసా?" "ఇది అసలు విన్నారా?" "డబ్బులెంత ముట్టాయి?" అన్నట్టు నేను కూడా తిట్టినవాణ్ణే, శాంతంగా కూర్చుని తీర్పు చెప్పే పెద్దమనిషిని కాదు.

మాలాంటి వాళ్ళకి ఆ లిస్టులు మరీ ముఖ్యం. 2014లో ఇండియాలో స్పాటిఫై లేదు, 2019 ఫిబ్రవరిలో గానీ రాలేదు. ఆపిల్ మ్యూజిక్ 2015 జూన్‌లో వచ్చింది. ఈ పాటలు మన ఎఫ్ఎమ్‌లో రావు. మరి ఏం వినాలో ఎలా తెలుస్తుంది? ఆ లిస్టే మాకు దారి చూపించేది. పేరు చూసుకుని యూట్యూబ్‌లో వెతకడం, లేదంటే ఎవరి హార్డ్ డిస్క్‌లోనో దొరకపుచ్చుకోవడం. ఆ హార్డ్ డిస్క్‌లోకి ఎలా వచ్చాయని మాత్రం అడక్కండి.

హార్డ్ డిస్క్ అంటే గుర్తొచ్చింది. 2000 సంవత్సరానికి స్పిన్ అనే అమెరికన్ పత్రిక ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్‌గా ఏ ఆల్బమ్‌నీ ఎంచలేదు. 'మీ హార్డ్ డ్రైవ్' అని రాసి ఊరుకుంది. అది నాప్‌స్టర్ అనే ప్రోగ్రామ్‌తో జనం ఒకరి పాటలు ఒకరు ఉచితంగా తీసుకునే రోజుల మాట. జనం పాటలు డౌన్‌లోడ్ చేసుకుని ఎవరి ఆల్బమ్ వాళ్ళే తయారు చేసుకుంటున్నారు కదా, ఈ ఏడాది నంబర్ వన్ అదే అన్నమాట. కోపం వచ్చినవాళ్ళకి వచ్చింది. నాకు మాత్రం అది భలే నచ్చింది.

సరే, 2014 దగ్గరికి వద్దాం. లిస్టుల గొడవ ఏంటో అర్థం కావాలంటే ఆ ఒక్క ఏడాది చాలు.

ఆ సెప్టెంబర్ 9న కాలిఫోర్నియాలో ఆపిల్ ఫంక్షన్. ఐఫోన్ 6ని మొదటిసారి చూపించారు. చివర్లో యూ2 అనే ఐర్లాండ్ రాక్ బ్యాండ్ స్టేజి ఎక్కి ఒక పాట పాడింది. తర్వాత ప్రకటన: మా కొత్త ఆల్బమ్ 'సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్' ఆపిల్ పాటల షాపు ఐట్యూన్స్ వాడే 50 కోట్ల మందికీ ఉచితం. ఉచితమంటే కావాలంటే తీసుకోండి అని కాదు. పొద్దున లేచి ఫోన్ చూసుకుంటే మీ పాటల్లో అదీ ఉంటుంది. పిలవని పేరంటం. పైగా చాలామందికి దాన్ని ఎలా తీసేయాలో తెలియలేదు. వారం తిరక్కుండానే ఆపిల్ వాళ్ళు ఈ ఆల్బమ్ తొలగించడానికని ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టాల్సి వచ్చింది. ఒక పాటల ఆల్బమ్‌ని వదిలించుకోవడానికి కంపెనీయే ఉపాయం చూపించిన సందర్భం నాకు తెలిసి ఇంకొకటి లేదు. అక్టోబర్లో ఆ బ్యాండ్ సింగర్ బోనో సారీ కూడా చెప్పాడు.

ఇక డిసెంబర్. రోలింగ్ స్టోన్ పత్రిక లిస్ట్ వచ్చింది. నంబర్ వన్ ఎవరు? యూ2. అదే ఆల్బమ్.

నంబర్ టూ అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'హై హోప్స్'. స్ప్రింగ్‌స్టీన్ మహానుభావుడే, కాదనను. కానీ ఆ ఆల్బమ్‌లో ఉన్నవి వేరేవాళ్ళ పాటలు కొన్ని, పాతవి మళ్ళీ చేసినవి కొన్ని, ఎప్పుడో పక్కన పెట్టినవి కొన్ని. ఆయన అభిమానులే దాన్ని ఆయన గొప్ప ఆల్బమ్స్‌లో లెక్కేయరు. ఇక చూడండి ఫ్యాన్స్ విరుచుకుపడటం. రోలింగ్ స్టోన్ 1967లో పుట్టిన పత్రిక, తనతోపాటు ముసలివాళ్ళవుతున్న స్నేహితులకి శాలువాలు కప్పుతోంది అన్నారు. ఆ మాటలో అబద్ధం ఎంతుందో గానీ నిజం లేకపోలేదు.

నా మాట చెప్పనా? ఆ యూ2 ఆల్బమ్ చెత్త కాదు. డబ్లిన్‌లో వాళ్ళ చిన్నతనం, వీధులు, బోనో వాళ్ళమ్మ చనిపోవడం, ఇవన్నీ ఉంటాయి అందులో. ఒకటి రెండు పాటలు నిజంగా బావుంటాయి. కానీ నంబర్ వన్? అమ్మో.

అదే ఏడాది పిచ్‌ఫోర్క్ అనే అమెరికన్ మ్యూజిక్ వెబ్‌సైట్ నంబర్ వన్ 'రన్ ద జ్యువెల్స్ 2'. ఇద్దరు రాపర్లు, ఒకాయన అట్లాంటా, ఒకాయన న్యూయార్క్. తమాషా ఏంటంటే ఈ ఆల్బమ్ కూడా ఉచితంగానే ఇచ్చారు. కాకపోతే అడిగినవాళ్ళకి ఇచ్చారు. యూ2 అడగనివాళ్ళ జేబులో పెట్టింది. బ్రిటన్‌లో మ్యూజిక్ పత్రిక ఎన్ఎంఈ, దినపత్రిక గార్డియన్ రెండింటికీ నంబర్ వన్ 'సెయింట్ విన్సెంట్', గిటార్‌ని రంపంలా వాయించే ఆవిడ. అంటే నాలుగు పెద్ద సంస్థలు, మూడు వేరు వేరు నంబర్ వన్‌లు.

ఇక్కడే చాలామంది తేల్చేస్తారు. చూశారా, క్రిటిక్స్‌కే ఒక మాట లేదు, ఇదంతా ఎవరి ఇష్టం వాళ్ళది, వదిలేయండి అని. నేను అలా వదలను. ఎందుకంటే ఈ లిస్టులన్నీ ఒకే తప్పు కలిసి చేశాయి. అది వాళ్ళ అభిరుచికి సంబంధించింది కాదు, క్యాలెండర్‌కి సంబంధించింది.

డిసెంబర్ 15, సోమవారం. ఈ లిస్టులన్నీ అప్పటికే వచ్చేశాయి, లేదా ఓట్లు లెక్కపెట్టడం అయిపోయింది. ఆ రోజు డి'ఏంజెలో ఆల్బమ్ వచ్చింది. 'బ్లాక్ మెస్సయా'.

ఆయన గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. వర్జీనియాలో రిచ్‌మండ్ వాడు, తండ్రి చర్చి పాస్టర్. 1995లో మొదటి ఆల్బమ్, 2000 జనవరిలో రెండోది 'వూడూ'. ఆ రెండోదానితో అమెరికాలో సోల్ సంగీతం, అంటే నల్లజాతి వాళ్ళ చర్చి పాటల్లోంచి పుట్టిన సంగీతం పాడేవాళ్ళందరూ ఒకసారి ఆగి చూశారు. తర్వాత మనిషి మాయం. తాగుడు, యాక్సిడెంట్, కేసులు. దాదాపు పదిహేనేళ్ళు ఆల్బమ్ లేదు. ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అనడమే గానీ వచ్చింది లేదు. ఆ 'బ్లాక్ మెస్సయా' కూడా 2015లో రావాల్సింది. నవంబర్ 24న అమెరికాలోని ఫెర్గూసన్ అనే ఊళ్ళో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి కుర్రాణ్ణి కాల్చిన పోలీసు మీద కేసు లేదని తేలింది. డిసెంబర్ 3న న్యూయార్క్‌లో, పోలీసు మెడ పట్టుకుంటే చనిపోయిన ఎరిక్ గార్నర్ అనే నల్లజాతి మనిషి విషయంలోనూ అంతే. జనం రోడ్ల మీదికి వచ్చారు. ఇక ఆగడం కుదరదని ఆయన ఆల్బమ్ ముందుకు జరిపాడు. ఆ పేరు నా గురించి పెట్టుకున్నది కాదు, ఫెర్గూసన్‌లో, ఈజిప్ట్‌లో, వాల్ స్ట్రీట్ దగ్గర లేచి నిలబడిన జనం గురించి అని ఆల్బమ్‌తోపాటు ఇచ్చిన కాగితంలో రాశాడు కూడా.

పదిహేనేళ్ళు ఆగినవాడు రెండు వారాలు ఆగలేక తెచ్చేశాడు. పాపం లిస్టుల వాళ్ళు రెండు వారాలు ఆగలేక మూసేశారు.

నాకు ఈ ఆల్బమ్ జనవరిలో గానీ దొరకలేదు. మొదటిసారి విన్నప్పుడు, నిజం చెప్పాలంటే, నచ్చలేదు. మాటలు అర్థం కావు. గొంతులు ఒకదాని మీద ఒకటి, బురదలో నడుస్తున్నట్టు. డ్రమ్స్ ఎప్పుడూ ఒక అర క్షణం వెనక పడుతున్నట్టు ఉంటుంది, ఎవరో తూలుతూ నడుస్తుంటే పడిపోతాడేమో అని మనం పట్టుకోబోయేలోపు నిలదొక్కుకుంటాడు చూడండి, అలా. అంతా టేపు మీదే రికార్డ్ చేశారు, కంప్యూటర్ మెరుగులు లేకుండా. బేస్ గిటార్ పినో పల్లాడినో. నేను మా రూమ్మేట్‌కి వినిపించాను. వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, 'రియల్లీ లవ్' అనే పాటలో మొదట్లో వచ్చే వయొలిన్లు, ఆ తర్వాత ఒకావిడ స్పానిష్‌లో గుసగుసగా మాట్లాడటం, దాని వెనక గిటార్, అంతా విని, "ఈ బేస్ వాయించేవాడెవడ్రా? మా రాజా గారి దగ్గర ఉండాల్సినోడు" అన్నాడు. వాడి నోటి నుంచి అంతకంటే పెద్ద అవార్డు రాదు.

ఐదారు సార్లు విన్నాక నాకు లోపలికి దిగింది. అప్పుడు తీశాను ఎర్ర పెన్ను.

ఇప్పుడు ఈ అంకెల సంగతి. ఈ వంద పాయింట్ల పద్ధతి నేను కనిపెట్టింది కాదు. న్యూయార్క్‌లో విలేజ్ వాయిస్ అని ఒక వారపత్రిక ఉండేది. అందులో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనే క్రిటిక్ 1971లో ఒక పోల్ మొదలుపెట్టాడు. పేరు పాజ్ అండ్ జాప్, జాజ్, పాప్ అన్న మాటల మొదటి అక్షరాలు తారుమారు చేస్తే అదే వస్తుంది. మొదటి ఏడాది ద హూ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్‌కి నంబర్ వన్. తర్వాత రెండేళ్ళు ఆగి 1974 నుంచి ఏటా నడిచింది. పద్ధతి ఇది: ఒక్కో క్రిటిక్ పది ఆల్బమ్స్ ఎంచాలి. చేతిలో వంద పాయింట్లు. వాటిని ఎలాగైనా పంచుకోవచ్చు గానీ ఏ ఆల్బమ్‌కీ ముప్పై దాటకూడదు, ఐదుకి తగ్గకూడదు. వందల మంది ఓట్లు వేస్తారు. అన్నీ కూడతారు.

ఒక్కసారి మీరు కూర్చుని చేసి చూడండి. నంబర్లు వేయడం తేలిక, ఒకటి, రెండు, మూడు అని రాసేయొచ్చు. పాయింట్లు పంచడం అంటే నెల జీతంలో ఇంటి ఖర్చు సర్దుకోవడం లాంటిది. ఒకరికి ముప్పై ఇస్తే ఆ ముప్పై ఇంకెవరి నోటి దగ్గరి నుంచో లాగాలి. నా పేజీలో చూడండి. డి'ఏంజెలోకి ముప్పై కావాలి. వార్ ఆన్ డ్రగ్స్‌కి 20 ఉంటే 12 చేశాను. రన్ ద జ్యువెల్స్ 15 నుంచి 10. సెయింట్ విన్సెంట్ 12 నుంచి 8. ఎఫ్‌కేఏ ట్విగ్స్, ఫ్లయింగ్ లోటస్ చెరి మూడు పోగొట్టుకున్నారు. కారిబూకి రెండు కోత. అంతా కలిపి ఇరవై ఐదు. ఇంకా ఐదు కావాలి, పైగా పది పేర్లే ఉండాలి. అందుకని అట్టడుగున ఐదు పాయింట్లతో ఉన్న ఒక ఆల్బమ్‌ని మొత్తంగా కొట్టేశాను. దాని సంగతి తర్వాత.

ఈ పోల్‌కి ఇంకో విశేషం. ఫలితాలు జనవరిలో వచ్చేవి. మిగతావాళ్ళు డిసెంబర్ మొదటి వారంలో తలుపులు వేసుకుంటే వీళ్ళు ఏడాది అయ్యేదాకా చూసేవాళ్ళు. కాబట్టి 2014 పాజ్ అండ్ జాప్‌లో నంబర్ వన్ ఎవరో మీరు ఊహించే ఉంటారు. 'బ్లాక్ మెస్సయా'.

రోలింగ్ స్టోన్ కూడా తర్వాత దారికొచ్చింది లెండి. 2020లో వాళ్ళు అన్ని కాలాల 500 గొప్ప ఆల్బమ్స్ లిస్ట్ కొత్తగా వేశారు. 'వూడూ'కి 28వ స్థానం. 'బ్లాక్ మెస్సయా' కూడా లిస్టులో ఉంది. ఆరేళ్ళ కింద వాళ్ళే నంబర్ వన్ అన్న 'సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్' మాత్రం ఆ ఐదొందల్లో ఎక్కడా లేదు.

అసలు అంత తొందర దేనికి? డబ్బు, ఇంకేముంది. క్రిస్మస్ గిఫ్టులు కొనేవాళ్ళు చూడాలి. బ్రిటన్‌లో మ్యూజిక్ మాసపత్రికల జనవరి సంచిక నవంబర్లోనే షాపుల్లోకి వస్తుంది. లండన్‌లో రఫ్ ట్రేడ్ అనే రికార్డు షాపు కూడా నవంబర్లోనే లిస్ట్ పెడుతుంది, రికార్డులు అమ్ముకునేవాడు పెట్టక ఏం చేస్తాడు. వెబ్‌సైట్లకి ఇంకో బాధ, పక్కవాడు ముందు పెట్టేస్తే మన లిస్ట్ ఎవరు క్లిక్ చేస్తారు? ఏడాదికి పన్నెండు నెలలు అంటారు గానీ ఈ లిస్టుల ఏడాదికి పదకొండే.

సంగీతం చేసేవాళ్ళకి ఇది తెలియదా అంటే తెలుసు. 2013 డిసెంబర్ 13న అమెరికన్ గాయని బియాన్సే ముందు ఒక్క మాట కూడా చెప్పకుండా ఆల్బమ్ మొత్తం, పాటపాటకీ వీడియోతో సహా, ఐట్యూన్స్‌లో పెట్టేసింది. మూడు రోజుల్లో 8 లక్షలకి పైగా అమ్ముడైంది. అప్పటికి చాలా లిస్టులు వచ్చేశాయి. ఆవిడకి వాటితో పని లేదు, అది వేరే విషయం.

ఇప్పుడు నా మీద నేనే ఒక ప్రశ్న వేసుకుంటాను, మీరు వేసేలోపు. డిసెంబర్ 15న వచ్చిన ఆల్బమ్‌కి ఆ నెల్లోనే ఓట్లు వేసిన క్రిటిక్స్ ఎన్నిసార్లు విని ఉంటారు? నాకే లోపలికి దిగడానికి ఐదారు సార్లు పట్టింది. పదిహేనేళ్ళ తర్వాత వచ్చాడన్న సంబరం, రోడ్ల మీద ఆందోళనలు, అన్నీ కలిసి ఓట్లు పడ్డాయేమో? పడే ఉంటాయి. ఆ ఊపు లేకుండా అంత మెజారిటీ రాదు. మరి ముందే మూసేసినవాళ్ళది తప్పు, ఆలస్యంగా వేసినవాళ్ళది ఒప్పు అని నేను గుద్ది చెప్పగలనా?

ఇక్కడ 1991 కథ చెప్పాలి. ఇందాకటి స్పిన్ పత్రికే. ఆ ఏడాది నంబర్ వన్ ఆల్బమ్‌గా 'బ్యాండ్‌వాగనెస్క్'ని పెట్టింది. చేసినవాళ్ళు టీనేజ్ ఫ్యాన్‌క్లబ్, స్కాట్లాండ్ కుర్రాళ్ళు. మూడో స్థానంలో ఎవరున్నారు? నిర్వాణా అనే అమెరికన్ రాక్ బ్యాండ్, 'నెవర్‌మైండ్'. ముప్పై ఏళ్ళు దాటినా రాక్ అభిమానులు ఇప్పటికీ నవ్వుకునే నిర్ణయం ఇది. కానీ ఒకసారి క్యాలెండర్ చూడండి. 'నెవర్‌మైండ్' వచ్చింది సెప్టెంబర్ 24న. కంపెనీ వాళ్ళకే దాని మీద పెద్ద ఆశ లేదు, మొదట షాపులకి పంపింది యాభై వేల కాపీల లోపే. స్పిన్ లిస్ట్ వచ్చింది డిసెంబర్ సంచికలో. 'నెవర్‌మైండ్' అమెరికా అమ్మకాల చార్ట్ బిల్‌బోర్డ్‌లో మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని దించి నంబర్ వన్ అయింది 1992 జనవరి 11న. స్పిన్ వాళ్ళు ఓట్లు వేసేనాటికి అదొక మంచి ఆల్బమ్, అంతే. చరిత్ర ఇంకా కాలేదు. పాజ్ అండ్ జాప్ ఎప్పట్లాగే ఏడాది దాటాక ఫలితం చెప్పింది, అక్కడ నంబర్ వన్ 'నెవర్‌మైండ్'.

అంటే ఆలస్యంగా వేసేవాడికి గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. ముందు వేసేవాడు చీకట్లో రాయి వేస్తాడు. నాకెందుకో ఆ రాయి వేసినవాడంటేనే కాస్త ఇష్టం. పైగా 'బ్యాండ్‌వాగనెస్క్' వినండి, దయచేసి వినండి. వర్షం పడుతున్న రోజు కిటికీ దగ్గర కూర్చుని వినాల్సిన గిటార్లు. దాన్ని నంబర్ వన్ అన్నవాడికి చెవుల్లేవని మాత్రం అనలేం. అదే రోలింగ్ స్టోన్‌కీ యూ2కీ ఈ మినహాయింపు నేను ఇవ్వను. అది చీకట్లో వేసిన రాయి కాదు, వెలుగులో తెలిసినవాడికి వేసిన దండ.

మొత్తం మీద నాకు లిస్టులతో పేచీ లేదు, వాటి కింద ఉండాల్సినవి లేకపోవడంతోనే పేచీ. ఏ తేదీన మూశారు? ఎంతమంది వేశారు? ఎవరెవరు దేనికి ఎన్ని వేశారు? ఇవి లేకుండా '50 బెస్ట్' అని పెడితే అది ఎవరి మాటో తెలియదు. 'మా సంపాదక వర్గం' అంటారు. సంపాదక వర్గానికి చెవులుండవు, మనుషులకి ఉంటాయి. ఆరుగురు తలా పది పాయింట్లు ఇస్తే అరవై. ఒక్కడు ప్రాణం పెట్టి ముప్పై ఇస్తే ముప్పై. కాబట్టి కలిపిన లిస్టులో ఎప్పుడూ అందరికీ కాస్త నచ్చినదే పైకొస్తుంది, పెళ్ళి భోజనంలో వంకాయ కూర లాగా. ఎవరికో ఒకరికి ప్రాణమైనది కిందికి జారిపోతుంది. విలేజ్ వాయిస్ వాళ్ళు విడివిడిగా ఎవరి ఓటు ఏంటో కూడా పెట్టేవాళ్ళు. నేను అసలు లిస్ట్ చూసి వదిలేసి, ఆ ఒక్కొక్కరి ఓట్లలో పడి గంటలు గంటలు తిరిగేవాణ్ణి. నాకు నచ్చిన మూడు ఆల్బమ్స్‌కి ఓటు వేసిన క్రిటిక్ ఇంకా ఏడు ఏం వేశాడో చూడటం, అవి వెతుక్కుని వినడం. నా సగం పాటలు అలా దొరికినవే. ఆ పత్రిక 2018లో మూతపడింది. ఇప్పుడు మెటాక్రిటిక్ లాంటి వెబ్‌సైట్లు అన్ని లిస్టులూ కలిపి ఇంకో పెద్ద లిస్ట్ చేస్తున్నాయి. వంకాయ కూరలన్నీ కలిపి మళ్ళీ వంకాయ కూర.

మనకి ఈ గొడవ లేదా అంటే, ఉంది, వేరే రూపంలో. మన దగ్గర ఆల్బమ్ అంటే సినిమా ఆల్బమే, ఫ్యాన్స్ కొట్టుకునేది క్రిటిక్ లిస్ట్ మీద కాదు, ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని వ్యూస్ అని. కానీ క్యాలెండర్ తిరకాసు మనకీ ఉంది. 'అల వైకుంఠపురములో' తీసుకోండి. 'సామజవరగమన' 2019 సెప్టెంబర్లో వచ్చింది. 'రాములో రాములా' అక్టోబర్లో. ఆ ఏడాది చివర్లో ఎక్కడ చూసినా అవే పాటలు. సినిమా వచ్చింది 2020 జనవరి 12న. తమన్‌కి ఆ పాటలకి జాతీయ అవార్డు వచ్చింది 2020 సినిమాల లెక్కలో, ఎందుకంటే వాళ్ళు చూసేది సెన్సార్ సర్టిఫికెట్ ఏ ఏడాదిది అని. మరి అది 2019 ఆల్బమా, 2020 ఆల్బమా? మా మేనల్లుణ్ణి అడిగితే లాక్‌డౌన్ ఆల్బమ్ మామా అన్నాడు. ఇంట్లో కూర్చుని రోజూ విన్నది అప్పుడే కదా. వాడి లెక్కే సరైనదేమో.

అసలు ఈ నోట్‌బుక్ ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు తీశానో చెప్పలేదు కదూ. 2025 అక్టోబర్ 14న డి'ఏంజెలో చనిపోయాడు. క్యాన్సర్. 51 ఏళ్ళు. 'బ్లాక్ మెస్సయా' తర్వాత ఇంకో ఆల్బమ్ రాలేదు, మొత్తం మూడే. నేను ఆ వార్త చూసేలోపే మా రూమ్మేట్ నుంచి మెసేజ్. వాడిప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాడు, ఇద్దరు పిల్లలు, ఇప్పటికీ ఇళయరాజానే. "నీ ముప్పై పాయింట్లాయన పోయాడంటరా" అని. పదకొండేళ్ళు. ఆ అంకె వాడికి గుర్తుంది.

అటక మీద నుంచి పెట్టె దింపి ఈ పేజీ వెతికాను. ఆ రాత్రి 'బ్లాక్ మెస్సయా' మొత్తం మళ్ళీ విన్నాను. ముప్పై పాయింట్లూ నిలబడ్డాయి, ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను.

ఇబ్బంది వచ్చింది కింద. ఇదిగో, అట్టడుగున ఎర్ర గీత పడిన పేరు. ఇంకాస్త దగ్గరికి తెస్తాను, లైట్ పడుతోందా? ఐదు పాయింట్లు కావాల్సి వచ్చి, పది దాటకూడదన్న రూల్ ఉందని, ఆలోచించకుండా కొట్టేశానే, అది. ఈ పదేళ్ళలో ఈ పేజీ మీద ఉన్న పదకొండు ఆల్బమ్స్‌లో నేను ఎక్కువసార్లు విన్నది అదే. ఉద్యోగం మారినప్పుడు, నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రాత్రిళ్ళు ఒక్కణ్ణే కారు నడుపుతున్నప్పుడు, ప్రతిసారీ చెయ్యి దాని మీదికే వెళ్ళింది. ఎర్ర గీత కింద పేరు ఇంకా కనిపిస్తూనే ఉంది చూడండి. షారన్ వాన్ ఎట్టెన్, 'ఆర్ వి దేర్'. పక్కన 5.